బోరు నీళ్ళు, నాపరాయి, కుంకుడు రసం: హైదరాబాద్ ఇంటిని ఇంటి సరుకులతో శుభ్రం చేసుకునే పద్ధతి

మా వంటగట్టు మీద పరిచింది నల్లటి కడప బండ. గ్యాస్ పొయ్యికి ఎడమ పక్కన అరచేతి వెడల్పున బూడిదరంగు మచ్చ ఒకటి ఉంటుంది. వేలితో తడిమితే చుట్టూ నున్నగా, అక్కడ మాత్రం గరుకుగా తగులుతుంది. పసుపు మరక పోతుందని ఓ రాత్రి నిమ్మకాయ పిండి అలాగే వదిలేశాను. తెల్లారేసరికి పసుపూ పోయింది, రాయి మెరుపూ పోయింది. కడప బండ సున్నపురాయి జాతి, పులుపు తగిలితే కరుగుతుంది. ఆ సంగతి అప్పుడు నాకు తెలియదు. వంటకి వాడేదే కదా, దేనికీ హాని ఉండదనుకున్నాను.

అందుకే ఈ మార్గదర్శిని సరుకుల జాబితాతో మొదలుపెట్టడం లేదు. మీ ఇంటికి వచ్చే నీళ్ళేమిటో, కాలి కింద ఉన్న రాయేమిటో తెలిస్తే నాలుగైదు సరుకులతో ఇల్లంతా శుభ్రమవుతుంది. అవి తెలియకపోతే ఎంత మంచి సరుకైనా పాడుచేసే పనే చేస్తుంది.

బాత్రూం, నేల కడగడానికి సీసాల్లో అమ్మే మందులు నేను తగ్గించుకోవడానికి కారణం మా ఇంట్లో అంట్లు తోమి, బాత్రూంలు కడిగే అక్క. ఓ రోజు టీ గ్లాసు అందుకుంటుంటే ఆమె అరచేతులు చూశాను. గీతల వెంట చర్మం చీలి, లోపల ఎర్రగా కనిపించింది. "అమ్మా, యాసిడు ముట్టుకున్న దినం కూర కలుపుకోని తింటుంటె చేతులు భగ్గుమంటయ్" అంది. ఆ మాట విన్నాక యాసిడ్ సీసా మళ్ళీ కొనలేదు.

ఇంకో సంగతి కూడా మనసులో ఉంచుకోండి. మన సింకుల్లో, బాత్రూంలలో పోసినది చివరికి చేరేది మూసీకే. మూసీ ఇక్కడినుంచి యాదాద్రి భువనగిరి, నల్లగొండ వైపు పొలాల మధ్య పారి, వాడపల్లి దగ్గర కృష్ణలో కలుస్తుంది. మనం తినే బత్తాయిలు ఎక్కువగా వచ్చేదీ ఆ నల్లగొండ నుంచే.

ముందు నీళ్ళు చూసుకోండి

నగరంలో చాలా ఇళ్ళకు రెండు రకాల నీళ్ళొస్తాయి. ఒకటి జలమండలి నల్లా: మంజీరా, కృష్ణా, గోదావరి నీళ్ళు. రెండోది బోరు, లేదా బోరు నీళ్ళే తెచ్చే ట్యాంకరు. నల్లా నీళ్ళతో పోలిస్తే బోరు నీళ్ళలో సాధారణంగా కాల్షియం, మెగ్నీషియం లవణాలు బాగా ఎక్కువ. కుళాయిల మూతికి తెల్లగా గార కట్టేదీ, బకెట్ అంచున గీత పడేదీ, నల్ల గ్రానైటు మీద నీటి చుక్కలు ఆరి మచ్చలయ్యేదీ వీటివల్లే.

పరీక్ష సులువు. ఒక సీసాలో సగానికి నీళ్ళు పోసి, ఒంటి సబ్బు తురుము చిటికెడు వేసి, మూత పెట్టి బాగా ఊపండి. నురగ గుబురుగా లేచి కింద నీళ్ళు తేటగా ఉంటే మెత్తటి నీళ్ళు. నురగ సరిగా రాక, నీళ్ళు పాలలా మారి పైన తెట్టె కడితే కఠిన జలం. డిటర్జెంట్ పొడితో ఈ పరీక్ష చేయకండి, అది కఠిన జలంలోనూ నురగ ఇస్తుంది.

నీళ్ళు కఠినమైతే రెండు అలవాట్లు చేసుకోవాలి. కుళాయి, అద్దం, గ్రానైటు ఏది కడిగినా పొడిబట్టతో తుడవాలి. చివరి జాలింపుకు మాత్రం నల్లా నీళ్ళు దాచుకోవాలి. ఆర్‌ఓ మెషీను వదిలేసే నీళ్ళతో ఇల్లు తుడిచేవాళ్ళున్నారు. నీళ్ళు వృథా కానివ్వకపోవడం మంచిదే. కానీ ఆ నీళ్ళలో లవణాలు ఇంకా చిక్కగా ఉంటాయి. వాటిని బాల్కనీకి, బాత్రూం మొదటి కడుగుకు వాడండి, మెరిసే నేలకు వద్దు.

తర్వాత కాలికింది రాయి

పాత ఇళ్ళలో షాబాదు బండలు, తాండూరు బండలు, వంటగట్టు మీద కడప బండ. కొత్త ఫ్లాట్లలో విట్రిఫైడ్ టైల్స్, గ్రానైటు, కొన్నిచోట్ల మార్బుల్. షాబాదు, తాండూరు, కడప బండలు మూడూ సున్నపురాళ్ళే. మార్బులూ ఆ కుటుంబమే. వీటి మీద నిమ్మరసం, వెనిగర్, నిమ్మ ఉప్పు (సిట్రిక్ యాసిడ్), చింతపండు, బత్తాయి తొక్కలు పులియబెట్టి చేసే ద్రవం ఏదీ పడకూడదు. మొజాయిక్ నేలలోనూ సాధారణంగా మార్బుల్ పలుకులు, సిమెంటు ఉంటాయి కాబట్టి దానికీ ఇదే మాట. టైల్స్‌కి పులుపు భయం లేదు, వాటి మధ్య సందుల్లోని సిమెంటుకి ఉంది. గ్రానైటు గట్టిదే కానీ పైన పాలిష్ ఉంటుంది కాబట్టి దాన్నీ పులుపులో నాననివ్వకండి.

మీది ఏ రాయో తెలియకపోతే బీరువా వెనకో, మంచం కిందో కనబడని మూల ఒక చుక్క నిమ్మరసం వేసి 5 నిమిషాలాగి తుడిచి చూడండి. బుడగలు వచ్చినా, బుడగలు లేకుండా మెరుపు తగ్గినా అది సున్నపురాయే.

సరుకులు, తయారీ

గుర్తుపెట్టుకోవాల్సింది ఇంతే: గారకి పులుపు, జిడ్డుకి సోడా, రోజువారీ మురికికి కుంకుడు.

కుంకుడుకాయలు. ఇవి మనకి తలంటుకి తెలుసు కానీ హైదరాబాద్ బోరు నీళ్ళకి ఇంతకంటే సరిపోయే సరుకు నాకు కనబడలేదు. సబ్బు కఠిన జలంలోని కాల్షియంతో కలిసి తెట్టె కడుతుంది, అదే బకెట్లకి, గోడలకి అంటుకునేది. కుంకుడులో నురగ ఇచ్చేవి సాపోనిన్లు. అవి కాల్షియంతో అలా తెట్టె కట్టవు. నురగ సబ్బంత రాదు, శుభ్రం మాత్రం అవుతుంది.

1. ఎండిన కుంకుడుకాయలు రాయితో చితక్కొట్టి, నల్లటి గింజలు తీసేయండి. తొక్కలు 100 గ్రాములు తూచుకోండి. బేగంబజారులో కిలోల లెక్కన కొనుక్కుంటే చాలాకాలం వస్తాయి. చేత్తో నొక్కితే కొంచెం జిగురుగా, అంబరు రంగులో ఉన్నవి మంచివి. తేలిగ్గా, పొడిపొడిగా ఉన్నవాటిలో రసం ఉండదు.
2. లీటరు నీళ్ళలో రాత్రంతా నానబెట్టండి.
3. పొద్దున అదే నీళ్ళతో సన్నటి సెగ మీద 20 నిమిషాలు మరిగించండి. పొంగుతుంది, పెద్ద గిన్నె పెట్టుకోండి.
4. చల్లారాక చేత్తో బాగా పిసికి, పాత నూలుబట్టలో వడగట్టండి. పిప్పిలో మరో అర లీటరు నీళ్ళు పోసి ఇంకోసారి మరిగిస్తే పలచటి రసం వస్తుంది, అది నేల తుడవడానికి సరిపోతుంది.
5. ఫ్రిజ్‌లో 5, 6 రోజులుంటుంది. ఎక్కువ చేస్తే ఐస్ ట్రేలో గడ్డకట్టించి, కావలసినప్పుడు రెండేసి ముక్కలు తీసుకోండి. వేసవిలో బయట పెడితే మర్నాటికే పులిసిన వాసనొస్తుంది.

పిసికేటప్పుడు కళ్ళలో పడకుండా చూసుకోండి, మంట చాలా ఉంటుంది. సాపోనిన్లు చేపలకు విషం, కాబట్టి అక్వేరియం తొట్టె కడగడానికి మాత్రం వాడవద్దు.

నిమ్మ ఉప్పు. కిరాణాలో తెల్లటి పలుకుల్లా దొరుకుతుంది. లీటరు గోరువెచ్చని నీళ్ళకి 2 పెద్ద చెంచాలు వేస్తే గార ద్రవం సిద్ధం. వెనిగర్ కూడా ఇదే పని చేస్తుంది కానీ వాసన ఎక్కువ, ఖర్చూ ఎక్కువ. నేను వెనిగర్‌ని అద్దాలకే ఉంచుకున్నాను: ఒక వంతు వెనిగర్, 4 వంతుల నల్లా నీళ్ళు.

రెండు సోడాలు. వంట సోడా మెత్తని పొడి, చిన్నగా రుద్దే గుణం ఉన్నది, మరక మీద ముద్దగా పెట్టడానికి మంచిది. బట్టల సోడా (వాషింగ్ సోడా) దానికంటే చాలా ఘాటు, పాత జిడ్డుని విడగొడుతుంది. బట్టల సోడా ముట్టుకునేటప్పుడు రబ్బరు తొడుగులు వేసుకోండి. అల్యూమినియం గిన్నెలకి తగలనీయకండి, నల్లబడతాయి, తినేస్తుంది కూడా.

బత్తాయి తొక్కల ద్రవం. దీన్ని బయో ఎంజైమ్ అంటున్నారు. లెక్క 1, 3, 10: బెల్లం 100 గ్రాములు, తొక్కలు 300 గ్రాములు, నీళ్ళు లీటరు. జ్యూస్ బండి అతన్ని అడిగితే తొక్కలు సంచి నిండా ఇస్తాడు. వాటిని కడిగి, కుళ్ళినవి ఏరేసి, చిన్న ముక్కలు చేసుకోండి. 2 లీటర్ల ప్లాస్టిక్ సీసాలో అన్నీ వేసి, పైన పావు వంతు ఖాళీ వదలండి. గాజు సీసా వద్దు, లోపల గాలి పుట్టి పగలవచ్చు. సీసా మీద తేదీ రాసి, మొదటి నెల రోజూ ఒకసారి మూత వదులు చేసి గాలి వదలండి. తర్వాత వారానికోసారి చాలు. 90 రోజులకి వడగట్టాలి. వినాయక చవితికి వేస్తే సంక్రాంతి ముందటి ఇల్లు దులుపుడుకి అందుతుంది. పైన తెల్లటి పొర కడితే పరవాలేదు. నల్ల బూజో, కుళ్ళు వాసనో వస్తే ఎరువు గుంతలో పోసేయండి.

దీని గురించి చాలా గొప్పగా చెబుతుంటారు కాబట్టి నా అనుభవం కూడా చెబుతాను. ఇది పుల్లటి ద్రవం. టైల్స్ నేలకి, సింకు వాసనకి, బాత్రూం గోడలకి చక్కగా పనిచేస్తుంది. గట్టిపడిన గారకి నిమ్మ ఉప్పంత బలం లేదు. క్రిములన్నిటినీ చంపే మందు అసలే కాదు. తొక్కలు చెత్తబండికి పోకుండా పనికొస్తాయన్నదే నాకు దీంట్లో నచ్చేది.

ఈ సరుకుల్ని ఒకదాంట్లో ఒకటి కలపడం గురించి. వెనిగర్‌లో వంట సోడా వేస్తే బుసబుసమని పొంగుతుంది, చూడ్డానికి పనిచేస్తున్నట్టే ఉంటుంది. నిజానికి పులుపు, సోడా ఒకదాన్నొకటి చంపుకుని దాదాపు ఉత్త ఉప్పునీళ్ళు మిగులుతాయి. ఒకటి వాడి, కడిగేశాక రెండోది వాడండి. ఇక బ్లీచింగ్ పౌడరుతో గానీ, బ్లీచ్ ఉన్న సీసా మందుతో గానీ పులుపు ఏదీ ఎప్పటికీ కలవకూడదు. క్లోరిన్ వాయువు పుడుతుంది. మూసి ఉన్న బాత్రూంలో అది ప్రాణాపాయం.

వంటిల్లు

అంట్లకి చిక్కటి కుంకుడు రసం, బీరపీచు. నూనె ఎక్కువగా ఉన్న మూకుడుని ముందు కాగితంతోనో, శనగపిండితోనో తుడిచి, ఆ తర్వాతే నీళ్ళు తగలనివ్వండి. జిడ్డు సింకులోకి పోకుండా ఆపితే గొట్టం పూడుకునే బాధ సగం తగ్గుతుంది.

పొయ్యి మీద ఎండిన పాలు, పప్పు పొంగు: వంట సోడాని కొంచెం నీళ్ళతో ముద్దలా కలిపి పట్టించి, తడిబట్ట కప్పి అరగంట ఆగండి. గీకకుండానే ఊడొస్తుంది. బర్నరు మూతలు ఇత్తడివైతే చింతపండు నీళ్ళలో నానబెట్టి, పాత పళ్ళబ్రష్‌తో రంధ్రాలు తోమి, పూర్తిగా ఆరాకే బిగించండి.

చిమ్నీ జాలీ, ఎగ్జాస్ట్ ఫ్యాన్ రెక్కలు వంటింట్లో అన్నిటికంటే మొండివి. జాలీ స్టీలుదైతే వెడల్పాటి టబ్బులో వేడినీళ్ళు పోసి, 5 లీటర్లకి అర కప్పు బట్టల సోడా కలిపి, గంటసేపు ముంచండి. నీళ్ళు టీ రంగుకి తిరుగుతాయి. తర్వాత కుంకుడు రసంతో తోమి కడగండి. జాలీ అల్యూమినియందైతే సోడా జోలికి పోకుండా వేడినీళ్ళు, చిక్కటి కుంకుడు రసంతో రెండు విడతలుగా నానబెట్టండి. ఫ్యాన్ విప్పేముందు ప్లగ్గు తీసేయాలని వేరే చెప్పాలా.

అల్యూమినియం కుక్కరు లోపల నల్లబడితే, పిండేసిన నిమ్మ చెక్కలు నాలుగు వేసి, నలుపు మునిగేదాకా నీళ్ళు పోసి 10 నిమిషాలు మరిగించండి. వెండిలా తేలుతుంది. విజిల్ పెట్టకండి, ఊరికే మూత లేకుండా మరిగితే చాలు. ఎలక్ట్రిక్ కెటిల్ అడుగున గార ఉంటే ఒక చెంచా నిమ్మ ఉప్పు వేసి నీళ్ళు కాచి, అరగంట ఆగి పారబోసి, రెండుసార్లు మామూలు నీళ్ళు కాచి పారబోయండి.

కడప బండ గట్టుకి పలచటి కుంకుడు, పొడిబట్ట. అంతే. పసుపు మరక పడితే వంట సోడా ముద్ద పెట్టి ఓపిక పట్టండి. నాలాగా తొందరపడవద్దు.

బాత్రూం

కుళాయిల గార తీయడం చూస్తే మీకే నమ్మకం కుదురుతుంది. పాత బనియన్ గుడ్డని నిమ్మ ఉప్పు నీళ్ళలో ముంచి కుళాయి మూతికి చుట్టండి. అరగంట తర్వాత విప్పితే గార మెత్తబడి పేస్టులా ఉంటుంది. పళ్ళబ్రష్‌తో నాలుగు రుద్దులు, నీళ్ళు, పొడిబట్ట. ఇత్తడి మీద మెరుగు పూతల్ని గంటల తరబడి పులుపులో ఉంచితే పూత మచ్చలు పడుతుంది, మిగిలిన గారకి మర్నాడు ఇంకోసారి చేయండి. షవరు తలకి పాలిథీన్ సంచిలో అదే ద్రవం పోసి రబ్బరు బ్యాండుతో కట్టండి. ఊడిన గార రంధ్రాల్లోంచి రాలడానికి విప్పాక ఒకసారి జోరుగా నీళ్ళు వదలాలి.

గోడ టైల్స్ ముందు మామూలు నీళ్ళతో తడపండి. సందుల్లోని సిమెంటు నీళ్ళు పీల్చుకుని ఉంటే పులుపుని అంతగా పీల్చదు. తర్వాత నిమ్మ ఉప్పు నీళ్ళు చల్లి, 10 నిమిషాలకి కొబ్బరి పీచుతో రుద్ది కడిగేయండి. కింద నేల షాబాదు బండ అయితే గోడ నుంచి కారే నీళ్ళు దాని మీద ఆగకుండా ఎప్పటికప్పుడు నీళ్ళు పోస్తూ ఉండాలి.

కమోడ్ లోపలి గోధుమరంగు గీతకి రాత్రి పడుకునేముందు పావు కప్పు నిమ్మ ఉప్పు చల్లి వదిలేయండి, పొద్దున బ్రష్ చేయండి. యాసిడ్‌లా ఒక్క నిమిషంలో పోదు. పాత గీతకి మూడు నాలుగు రాత్రులు పడుతుంది. ముందు వాడిన సీసా మందు ఇంకా లోపల ఉంటే బాగా ఫ్లష్ చేశాకే మొదలుపెట్టండి.

మూల జాలీ పూడుకుంటే ఏ ద్రవానికైనా ముందు జాలీ ఎత్తి, వెంట్రుకలు చేత్తో తీయాలి. ఆ తర్వాత గుప్పెడు బట్టల సోడా, బకెట్ వేడినీళ్ళు. సలసల మరిగేవి పోస్తే పీవీసీ గొట్టం మెత్తబడుతుంది, చేయి కాలేంత వేడి చాలు.

నేల

ఊడ్చడం సరిగా జరగకపోతే తుడుపు బురద పులిమినట్టే. కొండ చీపురుతో మూలలు, మంచాల కింద ముందు. అరబకెట్ నల్లా నీళ్ళలో ఒక కప్పు పలచటి కుంకుడు రసం, ఏ నేలకైనా ఇదే. టైల్స్ అయితే వారానికోసారి 2 పెద్ద చెంచాల బత్తాయి ద్రవం కలుపుకోవచ్చు. వాసన కావాలంటే కర్పూరం పొడి చిటికెడు. పిల్లి గానీ, కుక్కపిల్ల గానీ, పాకే పిల్లలు గానీ ఉంటే కర్పూరం వద్దు, అది నోట్లోకి పోతే ప్రమాదం. షాబాదు బండల మీద నూనె చిందితే బియ్యప్పిండో, శనగపిండో చల్లి గంటాగి ఊడ్చేయండి, ఆ తర్వాత సోడా నీళ్ళు.

చీమల బారు కనిపిస్తే దారి పొడవునా కుంకుడు నీళ్ళతో తుడవండి, వాటి వాసన దారి చెరిగిపోతుంది. బొద్దింకలకి నా దగ్గర ఇంటి మందు లేదు. రాత్రి సింకు పొడిగా తుడిచి, చెత్తబుట్ట ఖాళీ చేస్తే తగ్గుతాయి.

పూజ సామాను

బోనాలకి, వరలక్ష్మీ వ్రతానికి ముందు రాగి, ఇత్తడి తీస్తాం కదా. నిమ్మకాయంత చింతపండు, ఒక చెంచా రాళ్ళ ఉప్పు చాలు. ఇక్కడ చాలామంది చేసే పొరపాటు చివర్లో ఉంటుంది: తోమి, బోరు నీళ్ళతో కడిగి, బోర్లించి పెడతారు. సాయంత్రానికి మళ్ళీ మచ్చలు. చివరి నీళ్ళు నల్లావి పోసి, వెంటనే నూలుబట్టతో తుడిచి, కాసేపు ఎండలో పెడితే ఆ మెరుపు నిలుస్తుంది.

వెండికి విభూతి మంచిదే. బాగా నల్లబడితే గిన్నెలో అల్యూమినియం ఫాయిల్ పరిచి, కుందులు దాని మీద ఆనేలా పెట్టి, చెంచా వంట సోడా చల్లి, మరిగే నీళ్ళు పోయండి. కోడిగుడ్డు కుళ్ళిన వాసన సన్నగా వస్తుంది, వెండిని పట్టిన గంధకం వదులుతోందన్నమాట. ఫాయిల్ నల్లబడుతుంది, కుంది తెల్లబడుతుంది. చెక్కుడు లోతుల్లో కావాలని నలుపు పెట్టిన నగలకీ, రాళ్ళు పొదిగినవాటికీ ఇది చేయకండి.

పట్టు, పోచంపల్లి చీరలు ఇంట్లో ఉతికితే పలచటి కుంకుడు రసమే వాడండి. రంగు దిగుతుందేమో ముందు కొంగు చివర తడిపి చూసుకోండి.

కూలరు, వానాకాలం

ఎండాకాలం బోరు నీళ్ళు పోసిన కూలరు గడ్డి తెల్లటి రాయిలా గట్టిపడుతుంది. వారానికోసారి తొట్టి పూర్తిగా ఖాళీ చేసి, గోడలు పీచుతో రుద్ది ఆరబెట్టండి. దోమ గుడ్డు నుంచి పెద్దదవడానికి వారం, పది రోజులే పడుతుంది. దోమలు పెరగకుండా ఇంట్లో నిలవ నీళ్ళు తీసేయమని తెలంగాణ పురపాలక శాఖ 2020లో ప్రతి ఆదివారం 10 గంటలకి 10 నిమిషాలు అని పిలుపునిచ్చింది, మా ఇంట్లో ఆ అలవాటు అలాగే నిలిచింది. ప్లాస్టిక్ తొట్టిలో గార ఉంటే నిమ్మ ఉప్పు నీళ్ళు గంటసేపు ఉంచి కడగవచ్చు. ఇనుప కూలరైతే తుప్పు పడుతుంది, వద్దు.

వానాకాలం బీరువాల్లో ముక్క వాసనకి ఎండ వచ్చిన రోజు తలుపులు బార్లా తెరవడమే మొదటి మందు. గోడకి బూజు చిన్న చుక్కలుగా ఉన్నప్పుడే, పెయింటు గోడ మీద నీళ్ళు కలపని వెనిగర్ పట్టించి, గంటాగి తడిబట్టతో తుడిచి, ఫ్యాన్ పెట్టి ఆరబెట్టండి. ముక్కుకి గుడ్డ కట్టుకోండి. అదే చోట మళ్ళీ మళ్ళీ వస్తుంటే ఎక్కడో గొట్టం కారుతుండవచ్చు, ప్లంబర్‌ని పిలవండి.

ఇంటి సరుకులు చాలని చోట

ఇంట్లో ఎవరికైనా వాంతులు, విరేచనాలు అయినప్పుడు కుంకుడు, బత్తాయి ద్రవం మీద ఆధారపడకండి. ముందు మురికి తీసేసి, ఆ తర్వాత బ్లీచ్ ద్రవాన్ని సీసా మీద రాసిన పాళ్ళలో పలచన చేసి, కిటికీలు తెరిచి వాడండి. అది ఏడాదికి ఒకటి రెండుసార్లు. ఆ రోజు నిమ్మ ఉప్పు డబ్బా బాత్రూంలో ఉండకూడదు.

తయారుచేసినవన్నీ వేటికవి వేరే సీసాల్లో పోసి, పేరు, తేదీ పెద్ద అక్షరాలతో అతికించండి. మా ఇంట్లో పని చేసే అక్కకి చదువు రాదు, అందుకే నేను మూతలకి రంగు దారాలు కట్టాను: ఆకుపచ్చ పులుపుకి, పసుపు కుంకుడుకి, ఎరుపు సోడాకి. నేల మీద పోసేముందు ఆమె దారం చూస్తుంది. మంచినీళ్ళ సీసాలు, కూల్‌డ్రింక్ సీసాలు దీనికి వాడకండి. కుంకుడు రసం చూడ్డానికి అచ్చం టీ డికాషన్‌లా ఉంటుంది. ఫ్రిజ్‌లో పెట్టేది పిల్లల చేతికందని పై అరలో, మూత బిగించి పెట్టండి.